గొట్టాన్ని నిద్రపుచ్చిందెవరు?

చదివేవారికి ముందుగా ఒక మాట. అక్షరాలు నాకు వయసు మళ్ళాక వచ్చాయి. గుణింతాలు అక్కడక్కడ తప్పి ఉంటాయి. కథ కూడా నా చేతిలాగే నెమ్మదిగా నడుస్తుంది. మన్నించి చదవండి.

రేడియో కేంద్రంలో వార్తలు ఇప్పుడు క్యాంటీన్ నుంచి వస్తున్నాయి. నాలుగు గోడలకూ దుప్పట్లు కట్టారు. మైకు ముందు మనిషి కూర్చోగానే వంటావిడ గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపేస్తుంది. వార్తలు అయ్యేదాకా కుళాయి తిప్పకూడదు, కుర్చీ జరపకూడదు, తుమ్ము వస్తే పెరట్లోకి పరుగెత్తాలి.

నడవా పొడుగునా తాళ్ళు కట్టి, తడిసిన టేపులను ఉతికిన బట్టల్లా ఆరేశారు. వాటికి గాలి కొట్టే ఫ్యాన్లన్నీ ఉద్యోగులు తమ ఇళ్ళ నుంచి మోసుకొచ్చినవే. ఒక ఫ్యాను రెక్క మీద ఏ ఇంటి పిల్లో అతికించిన పువ్వు బొమ్మ ఇంకా గిర్రున తిరుగుతోంది.

కిందటి నెల ఒక రాత్రి టేపుల గది పైకప్పు కూలి, లోపల నీళ్ళు నడుమెత్తున చేరాయి. ఆ నీళ్ళు ఎక్కడివన్నదే ఇప్పుడు తగువు. తేల్చడానికి ఇద్దరు వచ్చారు. ఒకరు వదినగారు. పోలీసు శాఖలో పాతికేళ్ళు పనిచేసి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. ఉద్యోగులంతా కలిసి ఆవిడను పిలిపించుకున్నారు. రెండోవాడు బీమా కంపెనీ ఇన్వెస్టిగేటరు. ఆయన ఎవరో కాదు, వదినగారి సొంత మరిది. వెళ్ళిన ప్రతిచోటా "మా వదిన, మా వదిన" అని గొప్పలు చెప్పి, ఊరందరి చేతా ఆవిడను వదినగారు అనిపించింది ఆయనే.

"రా వదినా, నీ కోసమే చూస్తున్నా" అన్నాడు మరిది, క్యాంటీన్ గుమ్మంలోనే. "రిపోర్టు అయిపోయింది. సంతకమే తరువాయి. సాయంత్రం అయిదింటికి కేంద్రం పెద్దసారు చేతిలో పెట్టేస్తా."

"ఏం తేల్చావేంటి?"

"తేల్చేదేముంది? మేడ మీది ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారు సాయంత్రం ఆపాల్సింది టేపుల గది చూసుకునే బాబాయి. వేశాడు, ఆపడం మరిచాడు. ట్యాంకు పొర్లింది, కప్పు నానింది, కూలింది. ఉద్యోగి నిర్లక్ష్యం."

"ఆ ఒక్కమాటతో ఆయన ఉద్యోగం ఊడుతుంది. బీమా రాదు. ఈ భవనం మళ్ళీ లేవదు. నీకు తెలుసుగా?"

"నాకు మాత్రం సరదానా? ఈ స్టూడియోలో కుర్రతనమంతా గడిపినవాణ్ణి."

ఆ మాట నిజమే. ఉద్యోగంలో చేరకముందు మరిది ఇక్కడి నాటకాలన్నిటిలో ఉండేవాడు. గొంతు పెద్దది, వేషాలు చిన్నవి. ఎవరు రాజైనా ద్వారపాలకుడు మాత్రం ఆయనే. ఇప్పటికీ వారానికోసారి వచ్చి బీమా మీద ప్రసంగం చదివి వెళ్తాడు. భవనం మూలమూలా తెలిసినవాడని కంపెనీ ఆయన్నే పంపింది.

"బాబాయి ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. అడిగితే తల దించుకుంటాడు. తప్పు చేయనివాడు తల దించుకుంటాడా వదినా?"

"దించుకుంటాడు. మీ అన్నయ్య నా ముందు రోజూ దించుకునేవారు" అని వదినగారు టేపుల గది వైపు నడిచింది.

గదిలో కప్పు పెచ్చులన్నీ ఎత్తేశారు. ఖాళీ అల్మరాలు ఉబ్బిన చెక్కలతో వంకర తిరిగి ఉన్నాయి. గోడ చుట్టూ నీళ్ళు నిలిచిన చార, కాఫీ ఒలికి ఎండినట్టు గోధుమ రంగులో ఉంది. వదినగారు కళ్ళజోడు సవరించుకుని ఆ చారను గోటితో గీకింది. గీకిన పొడి అరచేతిలో పోసుకుని మరిది ముక్కు కిందికి తెచ్చింది.

"ఏంటిది?"

"మట్టి."

"మట్టి ఒక్కటేనా? ఇది ఎండుటాకు ముక్క. ఇది పావురాయి ఈక. మీ ట్యాంకులో పావురాలు ఈత కొడతాయా?"

"ఈకదేముంది, ఎక్కణ్ణుంచో ఎగిరొచ్చి..."

"ట్యాంకుకి మూత ఉంది, మూతకి తాళం ఉంది. నీ ఫోటోల్లోనే చూశాను. ట్యాంకు నీళ్ళు గోడ మీద ఎండితే తెల్లటి చార పడుతుంది, ఇలా చెత్తతో అంటదు. ఇది మేడంతా కడుక్కుని వచ్చిన వాన నీరు. పద, పైకెళ్ళి చూద్దాం."

"నేను రాను. మోకాళ్ళు."

"మొన్న నా మనవడి పుట్టినరోజుకి మూడంతస్తులు ఎక్కి బుడగలు కట్టావు!"

"అందుకే ఇప్పుడు నొప్పి."

వదినగారు ఆయన వైపు ఒక్క క్షణం చూసింది. "ఎక్కని మేడ గురించి రిపోర్టు రాసేశావన్నమాట. నీ ధైర్యమే ధైర్యం" అని ఒక్కతే మెట్లెక్కింది.

మేడ మీద సౌండు ఇంజనీరు కేబుళ్ళు ఎండబెట్టుకుంటున్నాడు. మెడలో హెడ్‌ఫోను లేకుండా ఆయన్ను ఎవరూ చూసి ఎరగరు. అందరూ ఆయన్ను చెవులాయన అంటారు. పక్క వీధిలో సైకిలు గంట మోగితే అది ఎవరి సైకిలో చెప్పగలడని ప్రతీతి.

టేపుల గది మీద కప్పు కూలిన కంతకు పక్కనే మేడ కొద్దిగా పల్లంగా ఉంది. ఆ పల్లంలోనే వాన నీళ్ళు దిగే గొట్టం నోరు. వదినగారు చతికిలపడి అందులో చెయ్యి పెట్టింది. లోపలి అంచుకు మెత్తగా ఏదో తగిలింది. పీకి చూస్తే బూడిదరంగు స్పాంజి పీలిక. కప్పు కూలిన మర్నాడు నీళ్ళు తోడినవాళ్ళు మేడ మీద గోడవారగా పోసిన చెత్తకుప్ప ఇంకా అలాగే ఉంది. దాన్ని కర్రతో కెలికితే, అదే రంగు స్పాంజి, సీసాకు బిరడాలా గుండ్రంగా కోసినది, పిడికిలంత ముక్క దొరికింది.

"చెవులాయనా, ఇలా రండి. ఇదేంటి?"

ఆయన చూసి, చూడనట్టు కేబులు చుట్టడం మొదలెట్టాడు. "స్పాంజిలా ఉందమ్మా."

"స్పాంజి అని గుడ్డివాడు కూడా చెబుతాడు. కింద స్టూడియో గోడలకు అతికించిన స్పాంజి ఇది. గొట్టం నోట్లోకి ఎందుకొచ్చింది?"

ఆయన నిట్టూర్చి పిట్టగోడ మీద కూర్చున్నాడు. "పెద్దసారుకి చెప్పనంటే చెబుతా. ఈ గొట్టం కిందకి దిగేది నాటకాల స్టూడియో గోడలోంచి. కట్టిన మేస్త్రీకి చెవుడేమో. వాన పడిందంటే గోడలో గుడగుడలు. రాజుగారు యుద్ధం ప్రకటిస్తుంటే వెనకాల ఎవరో పుక్కిలిస్తున్నట్టు ఉంటుంది. అందుకని మా ముందువాళ్ళ కాలం నుంచీ ఒక అలవాటు. వానలో రికార్డింగు ఉంటే ఎవరో ఒకరు పైకొచ్చి గొట్టానికి బిరడా పెడతారు. గొట్టాన్ని నిద్రపుచ్చడం అంటాం. రికార్డింగు కాగానే తీసేస్తారు. అది నిద్ర లేపడం."

"తీయడం మరిస్తే?"

"మరవరమ్మా. మెట్ల దగ్గర మేకుంది చూడండి. నిద్రపుచ్చినవాడు దానికి ఎర్రబట్ట తగిలించాలి. లేపినవాడు బట్ట తీయాలి. రాత్రి ఆఖర్న వెళ్ళేవాళ్ళు మేకు చూసి మరీ వెళ్తారు."

"ఆ రాత్రి?"

"నేనే ఆఖర్న వెళ్ళాను. మేకు ఖాళీ. ఒట్టు. పైగా ఆ రోజు నాటకాల రికార్డింగే లేదు. రోజంతా ట్రాన్స్‌మీటరు దగ్గరే ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి నాటకాల స్టూడియో చీకటి."

"మరి బిరడా తనంతట తాను మెట్లెక్కిందా?"

చెవులాయన నేల చూపులు చూశాడు. ఆ చూపు ఎవరిని దాస్తోందో వదినగారికి తెలిసిపోయింది. ఈ భవనంలో అందరూ కలిసి దాచేంత మనిషి ఒక్కడే.

బాబాయి నడవా చివర ముక్కాలిపీట మీద కూర్చుని, దూదితో ఒక్కొక్క టేపునూ తుడుస్తున్నాడు. చంటిపిల్ల చెవులు తుడిచినట్టు తుడుస్తున్నాడు. స్పాంజి ముక్క ఎదురుగా పెట్టగానే ఆయన చెయ్యి ఆగిపోయింది.

"నేనే మూశానమ్మా" అన్నాడు.

వెనకాలే వచ్చిన మరిది గట్టిగా ఊపిరి వదిలాడు. "చూశావా వదినా! ట్యాంకు కాకపోతే గొట్టం. మనిషి మాత్రం ఆయనే. ఒక్క వాక్యం మార్చుకుంటా, అంతే."

ఆయన్ను విడిపించడానికి తవ్విన గొయ్యిలో ఆయన్నే పడేసినట్టయింది. అయినా పైకి తేలనివ్వలేదు. "బాబాయ్, మూశారు సరే. తీశారా?"

"అదే తెలియడం లేదు తల్లీ." ముసలాయన దూది పక్కన పెట్టాడు. "మెట్లెక్కడం గుర్తుంది. బిరడా పెట్టడం గుర్తుంది. బట్ట తగిలించడం గుర్తుంది. తీశాననే అనుకుంటాను. కానీ కళ్ళు మూసుకుంటే ఆ తీసిన చెయ్యి కనబడదు. నెల రోజులుగా అదే ఆలోచన. ఈ గదిలో ఏ పాట ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పినవాణ్ణి. ఇప్పుడు నా చేతి మీద నాకే నమ్మకం లేదు. ఉద్యోగం పోతే పోనీ అమ్మా. నేనే తీయలేదేమో, ఇన్ని గొంతుల్ని నేనే ముంచానేమో అన్నదే..." టేపు వైపు తిరిగి మళ్ళీ దూది అందుకున్నాడు.

"మేకు ఖాళీగా ఉందట. బట్ట మీరే తీశారుగా?"

"తీశాను. అది గుర్తుంది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి ఇచ్చాను."

"ఎవరావిడ?"

బాబాయి నాలిక కరుచుకున్నాడు. "ఎవరూ లేరు. నేనొక్కణ్ణే."

"బట్ట తీశాడు, బిరడా మరిచాడు" అన్నాడు మరిది మెల్లిగా. ఈసారి ఆయన మాటలో గెలుపు లేదు. "వదిలెయ్ వదినా. పెద్దాయన్ని ఇంకా గుచ్చకు."

అప్పుడు ఆరేసిన టేపుల మధ్య నుంచి ఒకావిడ తాళ్ళు తప్పించుకుంటూ వచ్చింది. మెడలో పిల్లల పలక వేలాడుతోంది. పొద్దుటమ్మ. ముప్పై ఏళ్ళుగా రోజూ తెల్లవారుతూనే రేడియోలో మొదట పలికేది ఆవిడ గొంతే, అందుకే ఆ పేరు. కిందటి నెలలోనే గొంతుకు ఆపరేషను అయింది. రెండు నెలలు నోరు మెదపకూడదన్నారు. ఆ తర్వాత గొంతు వస్తే వచ్చినట్టు, లేదంటే లేదు.

ఆవిడ పలక మీద గబగబా రాసి వదినగారికి చూపించింది. "దాచింది నా కోసం. ఇక దాచొద్దు."

"వద్దమ్మా, మీ పేరెందుకు..." అని బాబాయి లేవబోయాడు. పొద్దుటమ్మ ఆయన భుజం పట్టి కూర్చోబెట్టి, చేతిసంచిలోంచి ఒక టేపు చక్రం తీసింది.

పలక మీద తుడుస్తూ రాస్తూ ఆవిడ చెప్పుకున్నది ఇది. ఆపరేషనుకు ముందురోజు సాయంత్రం, మళ్ళీ మాట వస్తుందో రాదోనని, కూతురి కడుపులో ఉన్న బిడ్డకు కథలు చెప్పి దాచుకోవాలనిపించింది. సొంత పనికి స్టూడియో ఇవ్వకూడదు. బాబాయి ఎవరికీ చెప్పకుండా తలుపు తీసి ఇచ్చాడు. వాన పడుతుంటే గొట్టాన్ని నిద్రపుచ్చాడు. కథలయ్యాక ఆవిడకు ఏడుపు ఆగలేదు, బాబాయి ఏమన్నాడో ఏం చేశాడో తెలియలేదు. గొడుగు పట్టి బస్సు దాకా దిగబెట్టి, అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోయాడు.

"ఈ టేపు మీకెప్పుడు చేరింది?"

"వారానికి. ఆసుపత్రికి తెచ్చి ఇచ్చారు."

"చివరిదాకా విన్నారా?"

పొద్దుటమ్మ తల అడ్డంగా ఊపింది. "కథలు అవగానే ఆపేస్తా. నా గొంతు నేనే వినలేను."

వదినగారు బాబాయి వైపు తిరిగింది. "వెళ్ళేటప్పుడు మిషను ఆపారా?"

"అదీ గుర్తులేదమ్మా. నీళ్ళు తోడాక చూస్తే టేపంతా అటు చక్రానికి చుట్టుకుపోయి ఉంది. అలాగే తీసి ఇచ్చేశా."

వదినగారి కళ్ళు మెరిశాయి. "కథలు అయినచోట ఆగాల్సిన టేపు చివరిదాకా ఎందుకు తిరిగింది? ఆపలేదు కనక. అంటే మీరు వెళ్ళిపోయాక కూడా ఆ గదిలో మైకు వింటూనే ఉంది. చెవులాయనా! కిందికొచ్చి మిషను పెట్టండి."

నాటకాల స్టూడియోలో నేల ఇంకా చెమ్మగానే ఉంది. అయిదుగురూ నిలబడ్డారు. చెవులాయన టేపు ఎక్కించి, కథలు ముగిసే చోటుకు తిప్పి మీట నొక్కాడు.

"...అలా కుందేలుపిల్ల అమ్మ పొట్టలో తల దూర్చి నిద్రపోయింది. ఇక నువ్వు కూడా బజ్జో తల్లీ. అమ్మమ్మ ఇక్కడే ఉంది."

నెల రోజుల తర్వాత ఆ గొంతు వింటూ ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మరిది చేతి రుమాలుతో కళ్ళజోడు తుడిచాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

టేపులో కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత బాబాయి గొంతు, దూరంగా: "ఉండండమ్మా, పైకెళ్ళి లేపొస్తాను."

తలుపు చప్పుడు. చాలాసేపు ఆవిడ వెక్కిళ్ళు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత గోడలోంచి మొదలైంది. గుడ... గుడగుడ... గుడగుడగుడ. గొట్టం నిద్ర లేచింది. ఆ వెంటనే ఆయాసపడుతూ వచ్చిన బాబాయి మాట: "లేచింది, విన్నారా? ఇదిగో ఈ బట్టతో మొహం తుడుచుకోండి. పదండి, బస్సు తప్పిపోతుంది."

మిషను ముందు నిలబడ్డ బాబాయి తన కుడిచేతిని ఎత్తి, ముందూ వెనకా తిప్పి చూసుకున్నాడు. "తీశాను" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. "నేను తీశానమ్మా!" పొద్దుటమ్మ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. చెవులాయన మీట ఆపబోయాడు.

"ఆపకండి" అంది వదినగారు. "ఆయన తీస్తే, నీళ్ళు తోడిన రోజున బిరడా ఎక్కడిది?"

టేపు తిరుగుతోంది. గుడగుడ గుడగుడ. ఎంతసేపైనా అదే. వంటావిడ తొంగిచూసి వెళ్ళింది. మరిది వాచీ చూసుకున్నాడు. "వదినా, అయిదవుతోంది. ఆయన తప్పు లేదని తేలిందిగా, చాలు. వాన నీళ్ళు, దైవాధీనం అని రాసేస్తా. అందరూ చల్లగా ఉంటారు."

"ఇందాక ఆయన పీక పట్టుకున్నవాడివి, ఇప్పుడు దేవుడి మీదికి తోస్తున్నావేం? కాస్త ఓర్చుకో."

అప్పుడే గుడగుడ ఠక్కున తెగిపోయింది.

"వాన ఆగింది" అన్నాడు మరిది.

"తెల్లారిందాకా ఆగలేదండీ" అన్నాడు చెవులాయన. "వాన ఆగితే చప్పుడు సన్నబడుతూ పోతుంది. ఇది నోరు నొక్కేసినట్టు ఆగింది. ఎవరో మళ్ళీ మూశారు."

టేపులో తలుపు తెరుచుకుంది. బూటు కాళ్ళ చప్పుడు. స్టూడియో మధ్యకు వచ్చి ఆగింది. నిశ్శబ్దం సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి, పాతకాలపు నాటకాలవాళ్ళు చేసినట్టు, ఒక్క చప్పట. ఆ వెనకనే గది దద్దరిల్లేలా ఒక గొంతు:

"ప్రభువులకు జయము! వేగువాడు ద్వారమున వేచియున్నాడు!"

చెవులాయనకు ఫక్కున నవ్వొచ్చింది. పొద్దుటమ్మ కూడా పెదవులు బిగబట్టింది. ఆ గొంతు తెలియనివాళ్ళు ఆ గదిలో లేరు. అంతలోనే అందరూ నవ్వు ఆపి మరిది వైపు తిరిగారు. టేపులో తలుపు మూసుకుంది. పక్క స్టూడియోలో అదే గొంతు, గోడ అవతల నుంచి సన్నగా, బీమా గురించి ప్రసంగం మొదలుపెట్టింది.

మరిది రిపోర్టు కాగితాలను బోర్లా తిప్పి పట్టుకున్నాడు.

"గుర్తు లేదా?" అంది వదినగారు.

"ఉంది." ఆయన పెద్ద గొంతు ఎటు పోయిందో, గుసగుసలా వచ్చింది. "నా ప్రసంగానికి చప్పుడు అడ్డం రాకూడదని మూశాను, దిగి వస్తే తగిలించడానికి మేకు దగ్గర బట్ట లేదు. ఎవరికైనా చెబుదామనుకున్నాను, ప్రసంగంలో పడి మరిచాను. నీళ్ళ సంగతి తెలిసిన రోజునే గుర్తొచ్చింది. మళ్ళీ గుర్తు రాకుండా చూసుకున్నాను. మోటారు అనుకుంటే నిద్ర పట్టేది వదినా. నిజంగానే మోటారని నమ్మేశాను. మేడ ఎక్కితే నమ్మలేను కదా, అందుకని ఎక్కలేదు."

ఆయన బాబాయి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ముసలాయనే, మిషను పక్కనున్న కుర్చీ లాగి, "కూర్చో బాబూ, ఎంతసేపని నిలబడతావు" అన్నాడు. అది వినగానే మరిది మొహం చిన్నపిల్లాడి మొహంలా ముడుచుకుపోయింది.

క్యాంటీన్‌లో అయిదు గంటల వార్తలు మొదలయ్యాయి. భవనమంతా చప్పుడు లేకుండా బిగుసుకుంది. నడవాలో పెద్దసారు రిపోర్టు కోసం మునివేళ్ళ మీద నడిచి వస్తున్నాడు.

మరిది చేతిలోని కాగితాలను నిలువుగా చింపాడు. వార్తలకు వినబడకుండా, మెల్లగా. "ఈ కేసులో నేనిక ఇన్వెస్టిగేటర్ని కాను" అన్నాడు. "అడుగు వదినా. పరాయివాణ్ణి అడిగినట్టే అడుగు."

ఆయనకు ఆవిడ తన పెళ్ళినాటి నుంచీ తలంటు పోసింది, పరీక్ష తప్పితే అన్నయ్యకు తెలియకుండా దాచింది, ఆయన పెళ్ళిచూపులకు చొక్కా ఇస్త్రీ చేసింది. వదినగారు కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది. పేరు పెట్టి గానీ వరస పెట్టి గానీ పిలవలేదు.

"ఆ సాయంత్రం" అంది, "మేడ మీదికి మీరు ఎన్నింటికి ఎక్కారు?"

ఇంతవరకు రాసింది అందరూ చిట్టత్త అని పిలిచే నేను. వయసు డెబ్బై రెండు. ఇప్పుడు ఉంటున్నది చిన్న కూతురి ఇంట్లో, మెట్ల పక్క గదిలో.